తాతకు 55 ఏళ్లు, మనవడికి 31 ఏళ్లు

యూదా రాజ్యపు సింహాసనం మీద అందరికంటే ఎక్కువ కాలం కూర్చున్నవాడు దావీదు కాడు, సొలొమోను కాడు, భక్తుడని పేరు పొందిన హిజ్కియా అంతకన్నా కాడు. ఆ స్థానం హిజ్కియా కుమారుడు మనష్షేది. పన్నెండేళ్ల వయసులో రాజై 55 సంవత్సరాలు ఏలాడు. తండ్రి పడగొట్టించిన ఉన్నతస్థలాలను మళ్లీ కట్టించాడు, బయలు దేవతకు బలిపీఠాలు లేపాడు, అషేరా దేవత ప్రతిమను తెచ్చి దేవుని మందిరంలోనే నిలబెట్టాడు, కన్నకొడుకును అగ్నిలో దాటించాడు. యెరూషలేమును ఈ కొస నుంచి ఆ కొస వరకు నిరపరాధుల రక్తంతో నింపాడని రెండవ రాజుల గ్రంథం 21వ అధ్యాయం చెబుతుంది. యెషయా ప్రవక్తను రంపంతో కోయించినది కూడా ఇతడేనని యూదుల సంప్రదాయంలో ఒక మాట ఉంది. ఇంత చేసినవాడు చివరకు అందరిలాగే పితరులతో నిద్రించాడు. తన రాజభవనపు తోటలో అతనికి సమాధి దొరికింది.

అతని మనవడు యోషీయా ఎనిమిదేళ్ల వయసులో రాజయ్యాడు. మందిరానికి మరమ్మతులు జరుగుతుండగా ధర్మశాస్త్ర గ్రంథం బయటపడితే, దాన్ని చదివించుకుని విని బట్టలు చింపుకున్నాడు. తాత కట్టించిన బలిపీఠాలను పొడి చేయించి కిద్రోను వాగులో పోయించాడు. పూర్ణహృదయంతో దేవుని వైపు తిరిగిన అటువంటి రాజు అతనికి ముందూ లేడు, తరువాతా లేడని ఆ గ్రంథమే సాక్ష్యమిస్తుంది. అయినా 31 ఏళ్లు మాత్రమే ఏలి, 39 ఏళ్ల వయసులో, క్రీ.పూ. 609లో, మెగిద్దో దగ్గర ఐగుప్తు రాజు ఫరో నెకోను అడ్డగించబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. నెకో నోట వచ్చిన హెచ్చరికను అతడు లెక్కచేయలేదని బైబిలులోని దినవృత్తాంతాల గ్రంథాలు ఒక కారణం చెబుతాయి. రాజుల గ్రంథం ఆ కారణమైనా చెప్పదు. ఒక్క తప్పటడుగుకు యుద్ధభూమిలో చావు, అర్ధ శతాబ్దపు నెత్తుటికి తోటలో సమాధి. ఏ తక్కెడలో పెట్టినా ఈ లెక్క కుదరదు. నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఏమిటంటే, ఈ లెక్క కుదరడం లేదన్న సంగతిని బైబిలు దాచే ప్రయత్నం చేయదు. ఇద్దరి వయసులను, ఏలుబడి కాలాలను, సమాధుల చోట్లను అంకెలతో సహా రాసిపెట్టి, మనలను చదువుకోమంటుంది.

మన వైపు విశ్వాసులు ఈ లెక్కను మరోలా సరిచేస్తారు. దుర్మార్గుడు ఎంత ఎత్తుకు పోయినా చివరి రోజుల్లో మంచాన పడతాడని, పురుగులు పడి పోతాడని, వాడి ఉసురు వాడికి కొట్టక మానదని మనకు గట్టి నమ్మకం. అందుకే ఎవరి చావు వార్త విన్నా ముందుగా అడిగేది ఎలా పోయాడన్న ప్రశ్నే. మా సంఘంలో ఒక వృద్ధ వితంతువు ఉంది. ఆమె ఇంటి పక్కనున్న కొద్దిపాటి స్థలాన్ని ఊళ్లో ఒక పెద్దమనిషి ముందు హద్దురాయి జరిపి, తరువాత కాగితాలు పుట్టించి తన ఆవరణలో కలుపుకున్నాడు. ఆయనదీ మా సంఘమే. పండుగలకు పెద్ద కానుకలు వేసేవాడు, ముందు వరుసలో కుర్చీ ఆయనది. తొంభైకి దగ్గరపడిన వయసులో, పిల్లలందరూ చుట్టూ ఉండగా, ఒక రాత్రి నిద్రలోనే కన్నుమూశాడు. జ్ఞాపకార్థ కూడికలో ఆయన నిలువెత్తు ఫోటో ఉన్న ఫ్లెక్సీ మీద ‘మంచి పోరాటము పోరాడితిని’ అన్న పౌలు మాట పెద్ద అక్షరాలతో వేయించారు. భోజనాల దగ్గర ఆమె నా పక్కకు వచ్చి మెల్లగా, “నిద్రలోనే పోయాడంట గదా బాబూ, ఏమీ బాధపడలేదంట గదా?” అని అడిగింది. ఆ గొంతులో కోపం కంటే అయోమయమే ఎక్కువగా వినిపించింది. తన పొరుగువాని సరిహద్దురాయిని తీసివేయువాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండంలో ఉన్నదని ఆమెకు తెలుసు. ఆ శాపం ఆయన మంచం దాకా వస్తుందని ఆమె ఎదురుచూసింది.

ఆమె అయోమయానికి బైబిలులోనే ఒక తోడు ఉన్నాడు. ఆసాపు లేవీయుడు, దావీదు నియమించిన గాయకుల్లో ముఖ్యుడు, మందసం ఎదుట తాళాలు వాయించినవాడు. అంటే ఆరాధనను నడిపించే మనిషి. అతని పేరు మీద ఉన్న 73వ కీర్తనలో, భక్తిహీనుల క్షేమాన్ని చూసి తాను మత్సరపడ్డానని, కాలు జారడానికి కొంచెమే తక్కువైందని అతడు ఒప్పుకుంటాడు. అక్కడ అతడు చేసే ఫిర్యాదుల్లో మొదటిది గమనించాలి: ‘మరణమందు వారికి యాతనలు లేవు’. సరిగ్గా మా వృద్ధురాలు అడిగిన మాటే. వాళ్ల ఒళ్లు పుష్టిగా ఉంది, ఇతరులకు వచ్చే ఇబ్బందులు వాళ్లకు రావు, గర్వాన్ని కంఠహారంలా ధరిస్తారు, జనం కూడా వాళ్ల వెంటే పోతారు. ఇక నేను చేతులు కడుక్కుని నిర్మలంగా బతకడం వ్యర్థమే కదా అంటాడు.

తరువాత అతడు దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లి, వారి అంతమును గూర్చి ధ్యానించాడు. ఇక్కడ చాలామంది బోధకులు తొందరపడి, చూశారా, చివరకు వాళ్లకు పతనమే అని ముగించేస్తారు. కానీ ఆ కీర్తనలోనే నాలుగో వచనం వాళ్ల చావు సుఖంగానే ఉన్నదంటోంది, పదిహేడో వచనం వాళ్ల అంతం వేరుగా ఉన్నదంటోంది. ఈ రెండూ ఒకే కలం నుంచి వచ్చినప్పుడు, మనిషి చావు, మనిషి అంతం ఒకటి కావనే అర్థం చేసుకోవాలి. మంచం దగ్గర నిలబడి తీర్పు చదవాలని చూసేవారికి ఆసాపు ఇచ్చే జవాబు ఇది: మీరు చూస్తున్నది ఇంకా తీర్పు కాదు. యేసు చెప్పిన ధనవంతుడు, లాజరు కథలోనూ ఇదే కనిపిస్తుంది. ధనవంతుడు చనిపోయి పాతిపెట్టబడ్డాడని లూకా రాస్తాడు. లాజరు చనిపోయాడని రాస్తాడు గానీ అతని సమాధి ప్రస్తావనే లేదు. ఊరివాళ్లు చూడగలిగింది అంతవరకే, ఒకరికి ఘనమైన అంత్యక్రియలు, మరొకరికి అవి జరిగాయో లేదో కూడా తెలియదు. కథలో అసలు సంగతి ఆ తరువాతి వాక్యంలో మొదలవుతుంది.

చావులో దొరకని న్యాయాన్ని కొందరు పిల్లల్లో వెతుకుతారు. తండ్రి చేసిన పాపం బిడ్డలకు తగులుతుందని మన ఇళ్లలో ఎంత సులువుగా అనేస్తామో చెప్పనక్కరలేదు. సర్వం పోగొట్టుకున్న యోబును ఓదార్చవచ్చిన స్నేహితులూ ఇలాంటి వాదనే తెచ్చి ఉండాలి, ఎందుకంటే 21వ అధ్యాయంలో యోబు దానికి సూటిగా అడ్డుపడతాడు. భక్తిహీనులు ముసలివాళ్లయ్యేదాకా బతుకుతున్నారు, వాళ్ల పశువులు తప్పకుండా ఈనుతున్నాయి, వాళ్ల పిల్లలు గంతులు వేస్తున్నారు, ఇంట్లో తంబుర మోగుతోంది అని వర్ణించి, దేవుడు వాళ్ల పాపాన్ని పిల్లల కోసం దాచి ఉంచుతాడంటారేమో, చేసినవాడికే చెల్లించమనండి, తాను పోయాక ఇంటి సంగతి వాడికేం పట్టింది అంటాడు. చిన్న పిల్లలను తండ్రి బాకీకి జామీను చేయడం న్యాయం కాదని, బాధలో ఉన్న ఆ మనిషికి అంత స్పష్టంగా తెలిసింది. ఆ పెద్దమనిషి మనవడికి జబ్బు చేసిందని తెలిసినప్పుడు మా సంఘంలో కొందరు తలలు ఊపిన తీరు చూసి, వాళ్లకు ఈ అధ్యాయం చదివి వినిపించాలనిపించింది.

ఇంతకూ దుష్టుల క్షేమం ఎక్కడి నుంచి వస్తుంది? దేవుడు ఎందుకు ఇచ్చాడని అడిగే ముందు, అది ఎలా వచ్చిందో చూడడం మంచిదని నా అభిప్రాయం. మనష్షే పేరు బైబిలు బయట కూడా దొరుకుతుంది. అష్షూరు రాజు ఏసర్హద్దోను నీనెవెలో రాజభవనం కట్టించుకున్నప్పుడు దానికి కావలసిన సామగ్రి మోయించిన 22 మంది సామంతుల జాబితాలో యూదా రాజు మనష్షే ఉన్నాడు. ఆ కాలపు అగ్రరాజ్యానికి ఎదురు తిరగకుండా కప్పం కట్టినందువల్ల అతని సింహాసనం నిలిచిందని చెప్పడానికి పెద్ద వేదాంతం అవసరం లేదు. ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యంలో యరొబాము అనే పేరుగల రెండో రాజు రాజధాని సమరయలో 41 ఏళ్లు ఏలి దేశాన్ని విస్తరింపజేశాడు. అతని కాలపు సంపద ఏ రకమైనదో తెలియాలంటే ఆమోసు ప్రవక్త గ్రంథాన్ని చదవాలి. కొలత చిన్నది చేసి, తులం పెద్దది చేసి, దొంగ త్రాసుతో తూచి, గోధుమలతో పాటు తవుడూ అమ్మి, చెప్పుల జత కోసం పేదవాడిని కొనేసే వ్యాపారం అది. ఆ దంతపు మంచాల డబ్బు ఆకాశం నుంచి ఊడిపడలేదు. తూకంలో తగ్గిన ప్రతి పిడికెడు గింజ ఎవరో ఒకరి కుండలో తక్కువైనదే.

నాబోతు సంగతి ఇంకా దగ్గరగా చూడవలసినది. యెజ్రెయేలులో ఇశ్రాయేలు రాజు అహాబు రాజభవనాన్ని ఆనుకుని నాబోతు ద్రాక్షతోట ఉండేది. రాజు దాన్ని కూరగాయల తోట చేసుకుంటానని, బదులు ఇస్తానని అడిగాడు. పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు నాబోతు. అప్పుడు రాణి యెజెబెలు చేసిన పనిలో చట్టానికి విరుద్ధంగా పైకి కనిపించేది ఏమీ లేదు: రాజముద్ర వేసిన తాకీదులు వెళ్లాయి, ఊరి పెద్దలు ఉపవాసం చాటించారు, సభ తీరింది, ధర్మశాస్త్రం కోరినట్టే ఇద్దరు సాక్షులు వచ్చి దేవదూషణ నేరం మోపారు, ఊరి వెలుపల రాళ్లతో కొట్టి చంపారు. సాక్షులు దొంగ సాక్షులు కావడం ఒక్కటే లోపం. అన్యాయం చట్టం బట్టలు వేసుకుని వచ్చినప్పుడు అది ఎంత బాగా నడుస్తుందో, లింకు డాక్యుమెంట్ల కోసం రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగిన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? అహాబు తోటలోకి దిగి స్వాధీనం చేసుకుంటుండగా ఏలీయా ప్రవక్త ఎదురై అడిగిన ప్రశ్న, హత్యనూ స్వాధీనాన్నీ ఒకే వాక్యంలో కలిపి అడిగిన ప్రశ్న, ఆ ఆస్తికి అసలు మూలపత్రం.

కాబట్టి దుష్టుడి సంపదను చూసి దేవుడు వాడిని దీవించాడని అనుకోవడంలోనే మొదటి పొరపాటు ఉంది. ఈ పొరపాటును మన సంఘాలే పెంచి పోషిస్తున్నాయని చెప్పడానికి నాకు సంకోచం లేదు. కొత్త కారు వెనుక అద్దం మీద ‘యెహోవా యీరే’ (యెహోవా చూచుకొనును), కొత్త మేడ గుమ్మం మీద ‘దేవుని బహుమానం’, సాక్ష్యాల వేళలో ప్రమోషన్లూ వీసాలూ. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలో తిప్పే వాగ్దానపు కార్డుల్లో ‘నీవు తలగా ఉందువు గాని తోకగా ఉండవు’ అన్న కార్డు ఎంతమందికి వచ్చిందో లెక్కే లేదు. నీతిమంతుడు తన నీతిలోనే నశించడం, దుర్మార్గుడు తన చెడుతనంలోనే దీర్ఘాయుష్మంతుడు కావడం తాను చూశానన్న ప్రసంగి గ్రంథం 7:15 ఉన్న కార్డు మాత్రం నాకు గానీ, నాకు తెలిసినవారెవరికీ గానీ రాలేదు. ఐశ్వర్యమే దీవెనకు గుర్తని ఆదివారం నేర్పి, సోమవారం వడ్డీవ్యాపారి కొత్త మేడ చూసి దేవుడు ఎక్కడున్నాడని అడిగితే, ఆ అడిగేవాడి తప్పు కంటే నేర్పినవాడి తప్పే పెద్దది. యేసు చెప్పినది ఇంతకంటే చాలా తేలిక మాట: తండ్రి చెడ్డవారి మీదా మంచివారి మీదా సూర్యుణ్ణి ఉదయింపజేస్తాడు, నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వాన కురిపిస్తాడు. వాన పడిందన్నంత మాత్రాన పొలం ఎవరిదన్న తగవు తీరిపోదు.

అయినా ప్రశ్న పూర్తిగా తీరలేదని నాకు తెలుసు. దుష్టుడు తన దుష్టత్వంతోనే సంపాదించాడని ఒప్పుకున్నా, ఆపగలిగిన దేవుడు ఎందుకు ఆపలేదన్నది మిగిలే ఉంది. యిర్మీయా ప్రవక్త అడిగింది సరిగ్గా ఇదే: ‘దుష్టులు తమ మార్గములలో వర్ధిల్లనేల?’ అతని స్వగ్రామమైన అనాతోతు మనుషులే అతన్ని చంపడానికి కుట్ర పన్నిన సందర్భంలో వచ్చిన ప్రశ్న అది. దేవుడు అతనికి కారణం చెప్పలేదు; పాదచారులతో పరుగెత్తి అలసిపోయినవాడివి గుర్రాలతో ఎలా పోటీపడతావని తిరిగి అడిగాడు. చదివిన ప్రతిసారీ ఇది కొంచెం కఠినంగానే తోస్తుంది, మెత్తగా చేసి చెప్పే వ్యాఖ్యానాలు నాకు నచ్చవు.

కారణంగా లేఖనాలు ఎక్కువసార్లు చూపించేది దేవుని దీర్ఘశాంతాన్ని. అబ్రాహాముకు కనాను దేశాన్ని వాగ్దానం చేస్తూనే, అక్కడ నివసించే అమోరీయుల అక్రమం ఇంకా సంపూర్ణం కాలేదు గనుక అతని సంతతి నాలుగో తరం దాకా వేచి ఉండాలని దేవుడు చెప్పాడు. అంటే అమోరీయులకు గడువు ఇవ్వడానికి తన సొంత ప్రజలను పరదేశంలో దాసులుగా ఉండనిచ్చాడు. ఈ వాక్యాన్ని మనం తొందరగా దాటేస్తాం గానీ, దీర్ఘశాంతానికి వెల ఉంటుందని, ఆ వెలను చాలాసార్లు నిర్దోషులే చెల్లిస్తారని బైబిలు ఒప్పుకునే చోటు ఇది. యేసు చెప్పిన గురుగుల (కలుపు మొక్కల) ఉపమానంలో యజమాని ఇప్పుడే పీకవద్దనడానికి చెప్పిన కారణం కూడా గురుగుల మీద జాలి కాదు, వాటితోపాటు గోధుమలు కూడా ఊడివస్తాయన్న భయమే. శిక్ష వెంటనే పడకపోవడం చూసి మనుషులు భయం విడిచి చెడు చేస్తారని ప్రసంగికి తెలుసు. అదే ఆలస్యాన్ని చూపి, దేవుని అనుగ్రహం మారుమనస్సుకు నడిపించాలని చూస్తోందని పౌలు రోమీయులకు రాశాడు. ఒకే ఆలస్యం కొందరిని మొండివాళ్లను చేస్తుంది, కొందరిని ఏడిపిస్తుంది.

మనష్షే విషయంలో ఈ రెండోదే జరిగిందని దినవృత్తాంతాలు చెబుతాయి. అష్షూరు సేనాధిపతులు అతన్ని గొలుసులతో కట్టి బబులోనుకు తీసుకుపోయారు. ఆ శ్రమలో అతడు తన్ను తాను మిక్కిలి తగ్గించుకుని ప్రార్థించాడు. దేవుడు అతని మొర విని యెరూషలేముకు తిరిగి రప్పించాడు. 55 ఏళ్ల గడువులో ఎక్కువ భాగం నెత్తురుకే ఖర్చయినా, ఆ గడువు లేకపోతే ఆ ప్రార్థన ఉండేది కాదు. అయితే రాజుల గ్రంథం ఈ మార్పును అసలు ప్రస్తావించదు; అతడు ఒలికించిన నిరపరాధుల రక్తాన్ని బట్టే యూదా చెరలోకి పోయిందని, దాన్ని యెహోవా క్షమించలేదని నిర్ద్వంద్వంగా చెబుతుంది. ఒక గ్రంథం మనిషికి దొరికిన క్షమను రాసింది, మరొకటి చంపబడినవారి పక్షాన రాసింది. ఈ రెంటిలో ఏ ఒక్కటి మాత్రమే మన చేతికి వచ్చి ఉన్నా, మనం దేవుణ్ణి తప్పుగా అర్థం చేసుకునేవాళ్లం.

మరో సంగతి యోబు గ్రంథం మొదటి అధ్యాయంలోనే ఉంది. యోబు ఊరకనే దేవునికి భయపడుతున్నాడా, నీవు కంచె వేసి కాపాడుతున్నావు కాబట్టి కదా అని సాతాను అడుగుతాడు. నీతికి అక్కడికక్కడే కూలి, పాపానికి అక్కడికక్కడే వాత పడే లోకంలో ఈ ప్రశ్నకు జవాబే ఉండదు. అక్కడ అందరూ మంచివాళ్లే, ఎందుకంటే మంచితనం లాభసాటి బేరం. ఆసాపు చివరకు నీవు నాకుండగా లోకంలోనిది ఏదీ నాకు అక్కర లేదని అనగలిగాడంటే, దుష్టుల క్షేమం అతని కళ్ల ముందు ఇంకా చెక్కుచెదరకుండా ఉండగానే అన్నాడు. వాళ్ల ఇళ్లు కూలిన తరువాత అన్న మాట కాదది.

యేసుకు బదులు విడుదలైన బరబ్బను కూడా ఇక్కడ తలచుకోవాలి. కలహంలో నరహత్య చేసిన ఖైదీ ఆ ఉదయం స్వేచ్ఛగా ఇంటికి వెళ్లాడు, ఏ పాపం చేయనివాడు సిలువ మోశాడు. దుష్టుడు తప్పించుకుపోయాడని ఆ రోజు ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే, ఆ ఫిర్యాదు అక్షరాలా నిజం. క్రైస్తవుడు మాత్రం ఆ వరుసలో తన చోటు బరబ్బ పక్కనే అని నమ్ముతాడు, అందువల్ల దుష్టులకు ఇంత గడువు ఎందుకని అతడు గొంతు పెంచి అడిగేటప్పుడు కాస్త తడబడక తప్పదు.

కానీ దేవుడు ఓర్చుకుంటున్నాడు గనుక సంఘం నోరు మూసుకోవాలన్న తీర్మానం మాత్రం ఎక్కడా లేదు. యోషీయా కొడుకు యెహోయాకీము కూలి ఇవ్వకుండా పనివాళ్లతో పెద్ద మేడ కట్టించుకుని, దేవదారు పలకలు వేయించి ఎర్ర రంగు పూయించుకుంటుంటే, యిర్మీయా ఆ తీర్పు దినం వచ్చేదాకా ఆగుదామని కూర్చోలేదు. నీ తండ్రి దీనులకు న్యాయం జరిగిస్తూ సుఖంగానే బతికాడు కదా, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అన్న దేవుని మాటను రాజు ముఖం మీదే చెప్పాడు. 39 ఏళ్లకే పోయిన యోషీయా గురించి దేవుడు సుఖంగా బతికాడనడం మనం రోజూ వాడే ‘వర్ధిల్లడం’ అన్న లెక్కలో ఇమడదు.

మా వృద్ధురాలికి ఆ రోజు భోజనాల దగ్గర నేను ఈ వచనాలేవీ చెప్పలేదు. ఆమెకు కావలసినది వేరేది ఉందని తరువాత తెలిసింది: ఆమె దగ్గర భర్త పేరున ఉన్న పాత పట్టా ఉంది, కొలతలు వేయించమని అర్జీ పెట్టుకోవాలని ఉంది, కానీ రాయించుకోవడానికి మనిషి లేడు. మా సంఘంలో రిటైరైన రెవెన్యూ ఉద్యోగి ఒకాయన ఉన్నారు, వకీలు చదివిన కుర్రవాడు ఉన్నాడు. ఆ పెద్దమనిషి బతికి ఉన్నంతకాలం ముందు వరుస కుర్చీకి జడిసి ఎవరూ ఆమె కాగితాల సంచి విప్పి చూడలేదు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కుర్రవాడే వెళ్లి ఆమె అరుగు మీద కూర్చుని ఆ సంచి విప్పించాడు. పట్టా మీద సర్వే నంబరు చెదలు తినేసినంత మేర పోయింది గానీ, హద్దులు రాసిన నాలుగు వరుసలూ చదవడానికి వస్తున్నాయి.